గెడ్డ ఒడ్డున ఉడికిన సూదులు

సూదులు ఉడుకుతుంటే ఒక చప్పుడు వస్తుంది. రేకు పెట్టెలో నీళ్ళు మరగడం మొదలుకాగానే అడుగునున్న సూదులు ఒకదానికొకటి తగులుకుని సన్నగా గలగలమంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాతో అందరికంటే ఎక్కువగా మాట్లాడింది ఆ చప్పుడే. మనుషులు లేనిచోట మనిషికి ఏదో ఒక తోడు కావాలి కదా. కొందరికి రేడియో, కొందరికి కుక్క, నాకు సూదుల పెట్టె.

తొంభైల మధ్యలో నన్ను హుకుంపేట అవతల కొండల్లో ఒక చిన్న పశువుల ఆసుపత్రికి వేశారు. ఆసుపత్రి అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. ఒక గది, దాని ముందు పశువుని కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం, వెనక నేను పడుకునే ఇంకో గది. డాక్టరుగారు మండల కేంద్రంలో ఉండేవారు. ఇక్కడ మందులిచ్చేదీ, తాళం తీసేదీ, వాకిలి ఊడ్చేదీ నేనే. కొండ జనం నన్ను డాట్రుబాబు అనేవారు. విజయనగరం పక్కన మా ఊళ్ళో చుట్టాలు కాంపౌండరు అనేవారు. పైకి ఎక్కితే గౌరవం, కిందికి దిగితే అగౌరవం. మధ్యలో ఘాట్ రోడ్డు మీద బస్సులో ఉన్నంతసేపే నేను నేనుగా ఉండేవాణ్ణి.

వానాకాలం ముసురు పట్టిందంటే ఆ గదిలో గోడలు కూడా చెమ్మగిల్లేవి. అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు. మాట్లాడ్డానికి మనిషి ఉండేవాడు కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, పని లేని ఆదివారాల్లో కడిగిన సూదులే మళ్ళీ పెట్టెలో పోసి స్టవ్ మీద పెట్టేవాణ్ణి, ఆ గలగల వినడానికి. కిరోసిన్ దండగ అని తెలుసు. దండగైతే అయిందని ఊరుకునేవాణ్ణి.

ఇంజెక్షన్ వెయ్యడం ఎవరైనా తొందరగానే నేర్చుకుంటారు. సూది కడగడానికే ఓపిక కావాలి. ముందు చన్నీళ్ళతో కడగాలి. వేడినీళ్ళు పోస్తే లోపలి రక్తం గడ్డకట్టి సూది మూసుకుపోతుంది. సన్నటి తీగ దూర్చి బెజ్జం శుభ్రం చెయ్యాలి. గాజు సిరంజిని గుడ్డలో చుట్టి, చల్లటి నీళ్ళలో పెట్టి అప్పుడు స్టవ్ వెలిగించాలి. మరిగే నీళ్ళలో వేశామా, టక్కున పగులుతుంది. నీళ్ళు మరిగాక కూడా దించెయ్యకుండా కాసుకుని కూర్చోవాలి. పశువుల్ని కట్టే తాళ్ళు, ముక్కు పట్టకారు మందునీళ్ళలో నానాలి. పేడ తొక్కిన గమ్‌బూట్లు ఫినాయిల్‌తో కడగాలి, అడుగున గాడుల్లో ఇరుక్కున్న మట్టి పుల్లతో గీకి మరీ కడగాలి. పేడలో కడుపు పురుగుల గుడ్లుంటాయి, తాళ్ళకి పిడుదులు పట్టుకుని వస్తాయి.

ఇదంతా ఎందుకంటే, మా కొండల్లో వానలు పడగానే జోరీగలు లేస్తాయి. జబ్బు చేసిన పశువు మీద వాలి రక్తం తాగుతుంటాయి. అది తోకతో కొడుతుంది. ఈగ లేచి పక్క పశువు మీద వాలుతుంది. మూతికి అంటుకున్న రక్తంతోపాటు కంటికి కనిపించని పురుగు దీని ఒంట్లోకి దిగుతుంది. సర్రా అంటారు ఆ జబ్బుని. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, ఎద్దు మేత ముట్టదు, కళ్ళు నీరు కారుతాయి, ముదిరితే కట్టిన గుంజ చుట్టూ తిరిగి తిరిగి కూలిపోతుంది. కడగని సూది కూడా జోరీగ లాంటిదే. కాకపోతే జోరీగకి జీతం లేదు.

అందుకని నాకో పద్ధతి ఉండేది. ఒక పశువుకి వాడిన సూది ఇంకో పశువుకి తగలకూడదు. ఒక ఊరి నెత్తురూ పేడా ఇంకో ఊరికి పోకూడదు. ఒక ఊళ్ళో పని ముగిశాక ఊరి దిగువన గెడ్డ దాటేవాణ్ణి. కొండ మీద ఏ ఊరికైనా దిగువన ఒక గెడ్డ ఉంటుంది, సన్నటి ఏరు. అవతలి ఒడ్డున సంచీ దింపి, నెత్తురంటిన దూది కుక్కలు లాగకుండా చిన్న గొయ్యి తీసి పూడ్చి మీద రాయి పెట్టేవాణ్ణి. బూట్లూ చేతులూ కడిగేవాణ్ణి. సూదులు ఉడికించేవాణ్ణి. తరవాత సంచీ భుజాన వేసుకుని పై ఊరి దారి పట్టేవాణ్ణి. ఎవరూ చూడకపోయినా ఇంత శ్రద్ధగా చేస్తున్నానని నాలో నేనే మెచ్చుకునేవాణ్ణి. మెచ్చుకోవడానికి ఇంకెవరున్నారు గనక.

నేను తిరిగే ఊళ్ళలో ఒకదాని కోసం ఎదురుచూసేవాణ్ణి. గెడ్డ దాటి కాస్త ఎక్కితే ఎర్రమట్టి అలికిన ఇళ్ళు రెండు వరసల్లో ఉండేవి. మొదటి ఇల్లు ఒక ముసలామెది. భర్త ఎప్పుడో పోయాడు. ఉన్న ఒక్క కూతురూ రెండు కొండల అవతల కాపురం. నేను కనిపించగానే ఆవిడ ముంతతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. అక్కడ ఎవరింటికి ఎవరొచ్చినా కాళ్ళకి నీళ్ళివ్వడం మామూలే. మిగతా ఇళ్ళవాళ్ళు ముంత కింద పెట్టి ఊరుకునేవాళ్ళు. ఈవిడ మాత్రం నా చేత బూట్లు విప్పించి, తానే వంగి పోసేది.

"ఆ రబ్బరు కాల్లు తియ్యి బాబూ. కాల్లకి పోత్తాను గాని బూట్లకి పోత్తానేటి?"

మంచులాంటి నీళ్ళు. పాదాల మీద పడగానే ప్రాణం లేచి వచ్చేది. తరవాత ఆనప బుర్రలో చోడంబలి, అంటే రాగి అంబలి. అరుగు మీద కూర్చుని తాగుతుంటే ఆవిడ పక్కన విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కట్టలు కడుతూ ఊరి సంగతులన్నీ చెప్పేది. నాకు మా ఊరి యాస మళ్ళీ నోట్లోకి వచ్చేది ఆ అరుగు మీదే. ఆఫీసు తెలుగు మాట్లాడీ మాట్లాడీ నోరు కట్టుబడిపోయి ఉండేది మరి.

ఆవిడకి నా టీ అలవాటంటే నవ్వు. ఆ కొండల్లో ఆవుని పిండరు. పాలు దూడవి.

"దూడ నోటికాడిది లాగేసి తాగుతారు మీ కిందోలు. మల్లీ పసువులకి సూది మందేత్తారు," అనేది.

ఆవిడకి ఒక ఎడ్ల జత ఉండేది. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. దుక్కుల రోజుల్లో ఆ జతని ఊళ్ళోవాళ్ళు తోలుకుపోయేవారు. దానికి బదులు వాళ్ళ మగవాళ్ళు వచ్చి ఆవిడ గరువు, అంటే మెట్ట భూమి, దున్ని చోళ్ళు చల్లిపెట్టేవారు. ఆ జత ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఊళ్ళో ఒకరికి పెట్టే మనిషి. జత విరిగితే ఒకరిని అడిగే మనిషి. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ నోటితో అనలేదు. రోజూ చీకటి పడకముందే ఎడ్ల దగ్గరికి వెళ్ళి గంగడోళ్ళు నిమురుతూ నిలబడేది, అంతే.

ఆ ఏడు తొలకరికే జోరీగలు విపరీతంగా లేచాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఎడ్లు గుంజల చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. జబ్బు రాకముందే వేస్తే కొన్నాళ్ళు కాపాడే, వచ్చాక వేస్తే తగ్గించే ఇంజెక్షన్ మండల కేంద్రం నుంచి తెచ్చుకుని ఊరూరూ తిరిగాను. ఆ ఊరికి వెళ్ళిన రోజు సగం పశువులే దొరికాయి. మిగతావి కొండ మీద మేతకీ దుక్కులకీ పోయాయి. ముసలామె జత కూడా ఎవరి పొలంలోనో ఉంది. మళ్ళీ వస్తానని చెప్పి, గెడ్డ దాటి, అలవాటు ప్రకారం దూది పూడ్చి, కడుక్కుని, సూదులు ఉడికించుకుని వెళ్ళిపోయాను.

మళ్ళీ వెళ్ళేసరికి గెడ్డ దగ్గర దారికి అడ్డంగా ముళ్ళకంప పడేసి ఉంది. అవతల ఊరి పెద్ద నిలబడి ఉన్నాడు. మంచి మనిషి, తక్కువ మాట్లాడేవాడు.

"ఊరు మూసినాం బాబూ. రావద్దు," అన్నాడు.

"ఏటైనాది?"

"నువ్వెల్లినాక ఒక ఎద్దు సచ్చిపోనాది."

ఆ ఎద్దు ఏమై చచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. జబ్బు ముందే లోపల ఉందేమో, పాము కరిచిందేమో. చూస్తానంటే అప్పుడే పాతేశామన్నాడు. ఎన్నాళ్ళు మూస్తారని అడిగితే "సూత్తాం" అన్నాడు. అతని వెనక కొంచెం ఎత్తులో ముసలామె నిలబడి ఉంది. చేతిలో ముంత లేదు. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ కొండ వంక చూసింది.

తిరిగి నా గదికి ఎలా వచ్చానో గుర్తులేదు గాని, వచ్చి తలుపు మూసుకుని చాలాసేపు కూర్చున్నది గుర్తుంది. కోపం వచ్చింది. ఇన్ని కొండలెక్కి వానలో నానుతూ వీళ్ళకోసం తిరుగుతుంటే ముళ్ళకంప వేస్తారా అనుకున్నాను. కోపం చల్లారాక మిగిలింది వేరే. వెళ్ళడానికి నాకున్న ఒకే ఒక్క అరుగు పోయింది. సూదుల పెట్టె స్టవ్ మీద పెట్టాను. ఆ రోజు ఆ చప్పుడు కూడా విసుగనిపించి మంట ఆర్పేశాను.

డాక్టరుగారికి చెబితే ఆయన తేలిగ్గా తీసుకున్నారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వాళ్ళు వద్దన్నాక మనం వెళ్ళడమెందుకు, లేనిపోని గొడవ కాకపోతే? మిగతా ఊళ్ళు చూసుకో," అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. కాని ఆ తెల్ల ఎద్దుకీ మచ్చల ఎద్దుకీ ఇంకా సూది పడలేదు. జోరీగలకి ముళ్ళకంప అడ్డం కాదు.

సంత రోజున ముసలామెని వెతుక్కుంటూ వెళ్ళాను. చింతపండు బుట్టల వరసలో అడ్డాకుల కట్టలు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను అక్కడే గొంతుక్కూర్చున్నాను.

"ఏటి మామ్మా, నాతో మాటాడవా? నానేటి సేసినాను?"

ఆకులు సర్దుకుంది. తరవాత తలెత్తకుండానే అంది.

"మా ఊల్లో ఎవులు సచ్చిపోనారని కాల్లు కడుక్కుంటన్నావు బాబూ?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది.

"వొచ్చిన పెతీసారీ ఎల్లేటప్పుడు గెడ్డ దాటి గొయ్యి తీత్తావు. ఏదో పూడిసి మీద రాయెడతావు. కాల్లూ సేతులూ కడుగుతావు. మంటెడతావు. ఎనక్కి సూడకుండా ఎల్లిపోతావు. పీనుగుని పాతేసినోలు కదా అలగ సేత్తారు. మా ఊర్ని బతికుండగానే పాతేత్తన్నావని పిల్లగుంటలు సైతం అంటన్నారు. ఇప్పుడు సూడు, ఎద్దు పోనాది."

అప్పుడు నాకు కళ్ళముందు నా పద్ధతి అంతా వరసగా కనిపించింది. గొయ్యి, రాయి, నీళ్ళు, మంట, వెనక్కి చూడని నడక. వాళ్ళ కొండలో ఇంటికి వచ్చేవాడు కాళ్ళు కడుక్కుంటాడు. వెళ్ళేవాడు కడుక్కునేది చావు దగ్గరే. అదొక్కటే చోటు. మా కింద ఊళ్ళలోనూ అంతే కదా, నాకెందుకు తట్టలేదో.

"మరి అప్పుడే సెప్పొచ్చు కదా మామ్మా."

"సావు మాట మొకమ్మీద అంటామేటి? ఇంటికొచ్చినోడివి."

నేను వివరించబోయాను. రక్తంలో పురుగు ఉంటుందని, అది కంటికి అగుపడదని, మీ ఊరి పశువుల నెత్తురు పై ఊరి పశువులకి అంటకూడదనే కడుగుతున్నానని చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే విన్నది. కనిపించని పురుగుని ఒప్పుకోవడం ఆవిడకి కష్టం కాలేదు. కష్టం వేరేచోట వచ్చింది.

"అంటే మాది సెడ్డ నెత్తురు, ఆలది మంచిదీనా?"

"అది కాదు మామ్మా..."

"మీ కిందోలు మా సేతి నీలు తాగరు. నువ్వు తాగినావు. మావోడివే అనుకున్నాను. మా అంబలి తాగేసి గెడ్డ కాడికెల్లి కడిగేసుకుంటన్నావు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నడి సంతలో, చుట్టూ బేరాలాడుతున్న జనం మధ్య. లేచి వచ్చేశాను. ఏం చెప్పినా ఇంకో ముల్లే గుచ్చుకునేలా ఉంది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను నోరు జారలేదు, కాళ్ళు కడిగానంతే. అదీ తీసుకోలేనిదే అయింది.

తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాన, సూదులు, వాన. కడగడం మానేద్దామా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ మొండితనం నాలో మొదటినుంచీ ఉంది. కడగకుండా ఇంకో ఊళ్ళో అడుగుపెడితే నేనే జబ్బుని మోసుకెళ్ళినవాణ్ణవుతాను. కడిగితే ఈ ఊరు నాకు లేదు. ఇలా రెండు గుంజల మధ్య తిరుగుతూ ఒకరోజు స్టవ్ దగ్గర కూర్చున్నాను. పెట్టెలో సూదులు గలగలమంటున్నాయి. వీటికి మాత్రం ఊళ్ళోంచి వస్తున్నానా, ఊళ్ళోకి వెళ్తున్నానా అన్న పట్టింపే లేదు కదా అనిపించింది. పట్టింపు మనుషులకే. అయితే ఊరు విడిచేటప్పుడు చేసే పని ఊళ్ళోకి వచ్చేటప్పుడు చేస్తే ఏం పోయింది? అదే గెడ్డ, అవే నీళ్ళు. వాడిన సూదులూ నెత్తురంటిన దూదీ మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని, పై ఊరి గెడ్డ దగ్గర, వాళ్ళ కళ్ళముందే కడుక్కుని వెళ్ళొచ్చు. ఏ ఊరికి వెళ్ళినా వచ్చేవాడిలాగే కడుగుతాను. ఇంత చిన్న మార్పు తట్టడానికి అన్ని రోజులు పట్టింది నాకు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. ముళ్ళకంప అలాగే ఉంది. ఇవతలి ఒడ్డున, ఊరికి ఎదురుగా కూర్చున్నాను. బూట్లు కడిగాను. తాళ్ళు మందునీళ్ళలో ముంచాను. స్టవ్ వెలిగించి సూదులు పెట్టాను. ఒక్కొక్కరే పై నుంచి దిగి అవతలి ఒడ్డున నిలబడ్డారు. పెట్టె చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. పిల్లలు అది విని నవ్వారు.

చివరికి పెద్ద అడిగాడు. "ఏటి సేత్తన్నావు బాబూ?"

"మీ ఊరికి వొత్తన్నాను. కిందూరి మురికేదీ మీ ఊల్లోకి రాకుండా కడుక్కుని వొత్తన్నాను."

"మరి ఎల్లేటప్పుడు?"

"కడగను. గొయ్యి తియ్యను. దూది నాతో పట్టుకుపోయి నా స్టవ్‌లో కాల్చుకుంటాను."

పెద్ద ముళ్ళకంప వంక చూశాడు. "సూత్తాం" అన్నాడు మళ్ళీ. ఆ మాట అంటే ఎన్ని రోజులో నాకు తెలుసు. అప్పుడు గుంపు వెనక నుంచి ముసలామె ముందుకొచ్చింది.

"సూడ్డానికి నాకు టైం నేదు. నా తెల్లెద్దు నిన్నట్నుంచి గుంజ సుట్టూ తిరుగుతాంది," అంది. "ఆడిని రానీ. నా ఎద్దుకి ముందు ఎయ్యనీ. ఏటైనా అయితే నాకే అవుద్ది. మీకేటి?"

ఆవిడే గెడ్డలోకి దిగి ముళ్ళకంప పట్టుకుని లాగింది. చెయ్యి గీసుకుని నెత్తురు వచ్చింది. చీరకి తుడుచుకుని, ఇంటికెళ్ళి ముంతతో వచ్చింది. ఈసారి బూట్లు విప్పమనలేదు. బూట్ల మీదే పోసేసింది.

"బేగి రా," అంది.

తెల్ల ఎద్దు కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. గుంజ చుట్టూ నేల గుండ్రంగా అరిగిపోయి ఉంది. ఆ ముదిరిన స్థితిలో మందు పనిచేస్తుందో లేదో నాకు నమ్మకం లేదు. మందు ఇవ్వకపోతే పోతుంది. ఇచ్చాక పోతే ఆవిడకి జతా పోతుంది, ఊళ్ళో మాటా పోతుంది, నాకు ఆ కొండ మీద దారే ఉండదు. ఇదంతా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. మూపురం మీద చెయ్యి వేసి నిలబడి, "నీ పని నువ్వు సెయ్యి," అంది. వేశాను. మచ్చల ఎద్దుకి ఇంకో సూది తీసి వేశాను. ఆవిడ చూస్తుండగా వాడిన రెంటినీ డబ్బాలో పడేసి మూత పెట్టాను.

బయల్దేరుతుంటే వెనక నుంచి పిలిచింది.

"బాబూ, ఎల్లేటప్పుడు ఆ వొంపు కాడ ఒకపాలి ఎనక్కి సూడు. మల్లీ వొచ్చేవోలు అందరూ సూత్తారు."

గెడ్డ దాటాను. కడగలేదు. బూట్లకి పేడ అంటుకుని ఉంటే కాళ్ళు నావి కావన్నట్టు ఉంది, అంత అలవాటు పడ్డ మనిషిని. దారి తిరిగే వంపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. గెడ్డ ఒడ్డున చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఆ వారమంతా నేను అన్నం సరిగా తిన్నానని చెప్పలేను. మళ్ళీ వెళ్ళిన రోజు ఘాటు కంటే నిటారుగా అనిపించింది ఆ దారి. వంపు తిరిగేదాకా తల పైకెత్తలేదు. ఎత్తి చూస్తే దారికి అడ్డంగా ఏమీ లేదు. గెడ్డ దగ్గర కూర్చుని పద్ధతి ప్రకారం అంతా కడిగి, ఉడికించి, పైకెక్కాను. తెల్ల ఎద్దు చింతచెట్టు కింద పడుకుని నెమరేస్తోంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, అయినా నెమరేస్తోంది. ముసలామె ముంత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"రబ్బరు కాల్లు తియ్యి," అంది.

ఆ రోజు ఊళ్ళో ఒక్క పశువు కూడా మేతకి పోలేదు. అన్నీ వరసగా కట్టి ఉంచారు నా కోసం. తెల్ల ఎద్దు ఆ ఏడు కాడి మొయ్యలేకపోయింది. ఊళ్ళోవాళ్ళు తమ ఎడ్లతోనే ఆవిడ గరువు దున్నిపెట్టారు. మరుసటి ఏడు అది మళ్ళీ జతలో నడిచింది.

తరవాత చాలా ఏళ్ళు గడిచాయి. పెళ్ళయింది. పిల్లల చదువులకని మా ఆవిడా పిల్లలూ విజయనగరంలో, నేను కొండమీద. అంటే పెళ్ళయినా కాకపోయినా నా గదిలో వంట ఒకడికే. రెండువేల సంవత్సరం తరవాత వాడి పారేసే సూదులు, సిరంజిలు అట్టపెట్టెల్లో రావడం మొదలైంది. మంచిదే, ఎంతో నయం. జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే భయం తగ్గింది. రేకు పెట్టె మాత్రం అటక ఎక్కి తుప్పు పట్టింది. గదిలో ఆ గలగల ఆగిపోయింది. దాని చోటులోకి ఏదీ రాలేదు. టీవీ కొన్నాను గాని అది నా మాట వినదు కదా.

గెడ్డ దగ్గర బూట్లు కడగడం మాత్రం మానలేదు. వెళ్ళేటప్పుడు వంపు దగ్గర ఆగి చూడడమూ మానలేదు. ముసలామె ప్రతిసారీ గెడ్డ ఒడ్డున నిలబడేది. నడుం వంగిపోయాక కర్ర పట్టుకుని నిలబడేది. ఎడ్లు మారాయి, జత మాత్రం ఉండేది. కాళ్ళకి నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి వణికి సగం నీళ్ళు పక్కన పడేవి. నేను పోసుకుంటానంటే ఒప్పుకునేది కాదు.

కొండలనిండా వలిసె పూలు పచ్చగా విచ్చుకున్న రోజుల్లో సంతలో ఆ ఊరతనొకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముసలామె పోయిందన్నాడు. డాట్రుబాబుకి చెప్పమని పెద్ద పంపాడట. మందుల సంచీ భుజాన ఉన్నది ఉన్నట్టే వెళ్ళాను.

గెడ్డకి ఇవతల, కాస్త ఎగువన గొయ్యి తీశారు. నేను సూదులు ఉడికించే చోటు అక్కడికి కనిపిస్తుంది. కూతురు వచ్చింది, పెద్దగా ఏడవలేదు, అలిసిపోయినట్టుంది. పూడ్చి మీద రాళ్ళు పేర్చారు. నేనూ ఒక రాయి పెట్టాను. తరవాత అందరూ కాళ్ళు కడుక్కోవడానికి గెడ్డలోకి దిగారు. అక్కడ ఎవరికి వాళ్ళు కడుక్కోరు. ఒకరికొకరు పోసుకుంటారు. అన్నకి తమ్ముడు, అత్తకి కోడలు, కూతురికి మొగుడు. ముంతలు చేతులు మారుతున్నాయి.

నేను బూట్లు విప్పి ఒక రాయి మీద నిలబడ్డాను. అలవాటుగా పాదాలు రెండూ ముందుకు పెట్టి, కొంచెం వంగి, నీళ్ళకోసం నిలబడ్డాను. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, ఎవరి మనుషులు వాళ్ళకున్నారు. నాకు నీళ్ళు పోసే మనిషి ఆ రాళ్ళ కింద ఉంది.

సంచీలోంచి ఫినాయిల్ కలిపే మగ్గు తీసి గెడ్డలో బాగా కడిగి, నా కాళ్ళకి నేనే పోసుకున్నాను. పెద్ద దగ్గరికి వెళ్ళి తల ఊపి బయల్దేరాను.

వంపు దగ్గరికి రాగానే కాళ్ళు ఆగాయి. చావు దగ్గర నుంచి వెళ్ళేవాడు వెనక్కి చూడకూడదు. ఆ సంగతి ఆ ఊరే నాకు నేర్పింది. కాని ఆవిడ నాకు చెప్పింది వేరు. తిరిగి చూశాను. అందరూ పైకెక్కి వెళ్ళిపోయారు. గెడ్డ ఒడ్డున ఎవరూ లేరు.